ఎన్‌గోరోంగోరో అంచున ఒక రాత్రి: సింబా క్యాంప్

టాంజానియా సఫారీలో ఎన్‌గోరోంగోరో క్రేటర్ (పాత అగ్నిపర్వతం కూలి ఏర్పడ్డ, అడవి జంతువులు తిరిగే పెద్ద గుంట) దగ్గర రాత్రి ఎక్కడ ఉండాలని ఎవరైనా అడిగితే, చలికి తట్టుకోగలిగితే సింబా క్యాంప్‌లోనే ఉండమంటాను. లగ్జరీ టెంట్లు ఊహించుకోకండి. క్రేటర్ అంచున పెద్ద పచ్చిక మైదానం, అందులో ఓ మహావృక్షం, చుట్టూ కంచె లేదు, అంతే. టెంట్ల మధ్యే జీబ్రాలు మేస్తుంటాయి, నీళ్ల ట్యాంక్ దగ్గరికి అప్పుడప్పుడు ఏనుగులు కూడా వస్తాయట. నాకైతే అర్ధరాత్రి మెలకువ వచ్చేసరికి టెంట్ గుడ్డకి అవతల, తలకి మూరెడు దూరంలో ఏదో పరపరా గడ్డి పీకి నములుతోంది, ఊపిరి వదలడం కూడా వినిపిస్తోంది. భయం వేసింది, అయినా ఆ చప్పుడు ఆగిపోకూడదనే అనిపించింది.

చలి మాత్రం మామూలుగా లేదు. భూమధ్యరేఖకి దగ్గరే అయినా ఎత్తు 2,300 మీటర్ల పైమాటే, పైగా మేం వెళ్లింది జూలైలో, అక్కడ అది చలికాలం. సఫారీ కంపెనీ ఇచ్చిన స్లీపింగ్ బ్యాగులు ఏ మూలకీ సరిపోలేదు, స్వెటర్లు, సాక్సులు అన్నీ వేసుకునే పడుకున్నాం. డబ్బు కట్టే ముందే బ్యాగు ఎంత చలికి ఆగుతుందో గట్టిగా అడగండి. బాత్రూములు అందరికీ కలిపే, వేడినీళ్లు వస్తే వచ్చినట్టు, టాయిలెట్ల శుభ్రత అంతంతమాత్రం.

తిండికి ఇబ్బంది లేదు. ఉమ్మడి వంటశాలలో ఒక్కో గ్రూపు వంటమనిషి తన స్టవ్ పెట్టుకుని వండుతాడు. శాకాహారమని ముందే చెప్పాం కాబట్టి వేడివేడి చపాతీలు, బీన్స్ కూర, క్యాబేజీ, మన సంగటిలాంటి ఉగాలి పెట్టారు. అన్నం లేదన్న ఆలోచనే రాలేదు. టెంట్‌లో మాత్రం బిస్కెట్ ముక్క కూడా ఉంచొద్దు, వాసనకి అడవిపందులు వస్తాయి.

అంచు మీది లాడ్జిల్లో హాయిగానే ఉంటుంది గానీ ఖర్చు చాలా ఎక్కువ. కింద కరాటు ఊళ్లో ఉంటే చలి తక్కువ, మంచి మంచం, వేడినీళ్లు దొరుకుతాయి, కాకపోతే పొద్దున్నే సంరక్షిత ప్రాంతం గేటు దగ్గర కాగితాల పని చూసుకుని, ఘాట్ రోడ్డెక్కి రావాలి. క్యాంప్ నుంచైతే తెల్లవారగానే దాదాపు 600 మీటర్ల లోతుకి దిగిపోవచ్చు. క్రేటర్‌లో గడిపే సమయానికి పరిమితి ఉంటుంది, ఎండ ముదరక ముందే సింహాలు చురుగ్గా తిరుగుతాయి, కాబట్టి ఆ తొలి గంట విలువైనది. పెద్దవాళ్లూ చంటిపిల్లలూ వెంట ఉంటే మాత్రం కరాటులోనే గది తీసుకోండి, రాత్రి టాయిలెట్‌కి టార్చి వేసుకుని జంతువుల మధ్య నడవడం వాళ్ల వల్ల కాదు.