"సేవ్ అయింది" అని ఎక్కడ చెప్పాలి? జాంగో మెసేజ్, టోస్ట్, డేటాబేస్: ఏది మేలు?

ఫామ్ నింపి సబ్మిట్ నొక్కగానే సర్వర్ డేటా దాచుకుని, బ్రౌజర్‌ను ఇంకో పేజీకి రీడైరెక్ట్ చేస్తుంది. రిఫ్రెష్ కొట్టినా అదే ఫామ్ రెండోసారి వెళ్ళకుండా ఉండడానికే ఈ ఏర్పాటు. చిక్కల్లా "మీ వివరాలు సేవ్ అయ్యాయి" అన్న మాట దగ్గరే. అది పుట్టేది మొదటి రిక్వెస్ట్‌లో, కనపడాల్సింది రెండోదాంట్లో. ఈలోగా దాన్ని ఎక్కడ పెట్టాలి? జాంగో (పైథాన్‌లో సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్)లో రాసేవాళ్ళకి మూడు దారులున్నాయి: ఫ్రేమ్‌వర్క్‌తోనే వచ్చే మెసేజెస్, జావాస్క్రిప్ట్ టోస్ట్ (తెర మీద కాసేపు కనిపించి మాయమయ్యే చిన్న పెట్టె), సొంతంగా ఒక డేటాబేస్ టేబుల్.

పేజీ మారుతుంటే నా ఓటు మెసేజెస్‌కే. ఇది 2010లో జాంగో 1.2తో వచ్చింది. అంతకుముందు మెసేజ్‌లు డేటాబేస్‌లో యూజర్ పేరు మీద ఉండేవి కాబట్టి, లాగిన్ కాని మనిషికి "పాస్‌వర్డ్ లింక్ పంపాం" అని చెప్పే వీలు దాంట్లో లేదు. ఇప్పుడు వ్యూలో (రిక్వెస్ట్‌కి జవాబిచ్చే కోడ్) ఒక లైను రాసి, అన్ని పేజీలకూ మూలమైన బేస్ టెంప్లేట్‌లో మెసేజ్‌లను ఒక్కొక్కటిగా చూపించే ఒక లూప్ పెడితే చాలు. పేజీ అలంకరణకు బూట్‌స్ట్రాప్ అనే సీఎస్ఎస్ లైబ్రరీ వాడితే ఒక చిన్న తిరకాసుంది. జాంగో "ఎర్రర్" అనేదాన్ని అది "డేంజర్" అంటుంది. సెట్టింగ్స్‌లో ఆ ట్యాగ్ మార్చకపోతే ఎర్ర రంగు రాదు.

అసలు గమనించాల్సింది ఆ లూప్‌నే. లూప్ తిరిగితేనే మెసేజ్‌లు చెరుగుతాయి. తిరగకపోతే పేరుకుంటూ పోతాయి. సైట్ టెంప్లేట్‌లో లూప్ పెట్టడం మరిచిపోయారనుకోండి, తర్వాతెప్పుడో జాంగోతోనే వచ్చే అడ్మిన్ పేజీ తెరిచేసరికి "ప్రొఫైల్ సేవ్ అయింది" అంటూ అరడజను పచ్చ పట్టీలు వరసగా దిగుతాయి. అందరూ తప్పు అడ్మిన్‌లో ఉందనుకుని అక్కడే వెతుకుతారు. రూబీ భాషలోని రైల్స్ ఫ్రేమ్‌వర్క్‌లో ఇదే పని చేసే ఫ్లాష్ తీరు వేరు. చూపించినా చూపించకపోయినా, తర్వాతి రిక్వెస్ట్‌తో దాని పని అయిపోతుంది. వెంటవెంటనే రెండు రీడైరెక్ట్‌లు పడితే, ఉంచమని మనం చెప్పకపోతే మాట గల్లంతే. నాకైతే జాంగో పద్ధతే నయమనిపిస్తుంది. అరడజను పట్టీలు కనిపిస్తే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, అసలు కనిపించని మెసేజ్ గురించి ఎవరూ చెప్పరు.

తెలుగులో సైట్ కట్టేవాళ్ళకి ఇక్కడ ఇంకో లెక్క ఉంది. జాంగో ముందుగా మెసేజ్‌లను కుకీలో (బ్రౌజర్ దాచుకునే చిన్న డేటా) పెడుతుంది. హద్దు 2048 బైట్లు, అందులో పట్టనివి సెషన్‌లోకి (ఒక్కో యూజర్ కోసం సర్వర్ దాచుకునే డేటా) వెళ్తాయి. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు సరిపోతే, తెలుగులో ఒక్కో కోడ్ పాయింట్‌కి (హల్లు, పొల్లు, గుణింతం గుర్తు లాంటి ఒక్కో ముక్క) 3 కావాలి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరంలో 6 కోడ్ పాయింట్లు, అంటే 18 బైట్లు. కుకీ కోసం జేసన్‌గా (డేటాను టెక్స్ట్‌గా రాసే రూపం) మారేటప్పుడు ఒక్కో కోడ్ పాయింట్‌కి ఆరేసి చొప్పున అవే 36 గుర్తులవుతాయి. ఇప్పటి వెర్షన్లు ఆ తర్వాత కంప్రెస్ చేస్తాయి కాబట్టి ఒకటి రెండు వాక్యాలకు టెన్షన్ అక్కర్లేదు. ఎక్సెల్ షీట్ అప్‌లోడ్ చేస్తే నలభై వరసల్లో తప్పులు దొరికాయని, ఒక్కోదానికి ఒక్కో మెసేజ్ పంపితేనే ఇబ్బంది. కుకీ మాత్రమే వాడమని సెట్టింగ్ మార్చినవాళ్ళకి పాతవి రాలిపోయి చివరివే మిగులుతాయి. మొదటి వరసలో తప్పేమిటో యూజర్‌కి తెలియనే తెలియదు. ఆ సెట్టింగ్ జోలికి పోవద్దు. అయినా నలభై తప్పులను మెసేజ్‌లుగా కాక, పేజీలోనే ఒక పట్టికగా చూపించడం మేలు.

టోస్ట్ సంగతికొస్తే, పేజీ మారని చోట అది ముచ్చటగానే ఉంటుంది. లింక్ కాపీ అయింది, కార్ట్‌లో చేరింది లాంటివాటికి బాగా నప్పుతుంది. తప్పులు చెప్పడానికి మాత్రం వాడొద్దు. బూట్‌స్ట్రాప్ 5లో టోస్ట్ మనమేమీ మార్చకపోతే 5000 మిల్లీసెకన్లకు మాయమవుతుంది. "పిన్‌కోడ్ సరిగా లేదు, ఆరు అంకెలుండాలి" అన్న మాట యూజర్ తల పైకెత్తేలోపే పోతుంది. అది పిన్‌కోడ్ గడి కిందే ఉండాలి, జాంగో ఫామ్ ఆ పని ఎలాగూ చేసిపెడుతుంది. టోస్ట్ వాడుతుంటే స్క్రీన్ రీడర్‌తో చదివేవాళ్ళనీ గుర్తుంచుకోవాలి. ఖాళీ డబ్బాకి స్టేటస్ రోల్ (ఇందులో మాట మారితే చదవమని రీడర్‌కి చెప్పే గుర్తు) ఇచ్చి పేజీలో ముందే ఉంచి, మాటను తర్వాత అందులో వేస్తే రీడర్ దాన్ని చదివి వినిపిస్తుంది. వెబ్ అందరికీ అందుబాటులో ఉండడానికి 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణాల్లో స్టేటస్ మెసేజ్‌ల కోసం ఒక నియమమే ఉంది.

డబ్బు, దరఖాస్తు నంబర్ లాంటివి ఉన్న చోట పై రెండూ చాలవు. "ఫీజు అందింది, రసీదు నంబర్ ఇదీ" అని మెసేజ్‌లో చూపించారనుకోండి. యూజర్ అది రాసుకునేలోపు రిఫ్రెష్ పడిందా, నంబర్ పోయినట్టే. పైగా రెండు ట్యాబ్‌లు తెరిచి ఉంటే ముందు లోడైన ట్యాబ్ ఆ మెసేజ్‌ను ఎగరేసుకుపోవచ్చు. ఇలాంటివాటికి టేబుల్ కట్టాల్సిందే: ఎవరికి, ఏ మాట, ఎప్పుడు చదివారు. దానికీ ఖర్చుంది. గంట బొమ్మ పక్కన చదవనివి ఎన్నో చూపించాలంటే ప్రతి పేజీకీ ఒక క్వెరీ తగులుతుంది, చదివేసిన పాతవాటిని తుడిచే జాబ్ కూడా రాసుకోవాలి. అందుకని ప్రతి "సేవ్ అయింది"నీ అందులో కుక్కొద్దు. ఫీజు కట్టాక "అందింది" అన్న పలకరింపు మెసేజెస్‌తో చెప్పి, రసీదు నంబర్‌ను టేబుల్‌లో ఉంచి, "నా చెల్లింపులు" పేజీలో ఎప్పుడు తెరిచినా కనపడేలా పెట్టండి.