ఒంగోలు నుంచి నెల్లూరు దాకా: రొయ్యలు పెరిగే ఊళ్లలో రొయ్యల కూర కోసం

2025 దసరా సెలవుల్లో, సెప్టెంబర్ 26 నుంచి నాలుగు రోజులు, నేనూ మా ఆవిడా మా అత్తయ్యా ఒంగోలు, నెల్లూరు తిరిగి వచ్చాం. అత్తయ్య పుట్టిల్లు నెల్లూరు జిల్లానే. చేపల పులుసు విషయంలో ఆమెను మెప్పించడం కష్టం. నాకు మాత్రం రొయ్యల మీద మనసు. సముద్రం పక్క ఊళ్లు కదా, చెరువుల్లోంచి తీసిన రొయ్య అదే రోజు పళ్లెంలోకి వస్తుందని ఆశపడ్డాను. అది దొరకడానికి మూడు రోజులు పట్టింది.

ఒంగోలులో స్టేషన్‌కు దగ్గర్లోనే దిగాం. గది అద్దె 2,400. పక్క దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు పొద్దున ఆరింటికే వచ్చాయి, లిఫ్ట్ పనిచేసింది. పెద్దవాళ్లతో వెళ్తే ఇవే ముఖ్యం. బిల్లు దగ్గర మాత్రం పేచీ వచ్చింది. ఏడున్నర వేల లోపు గదులకు జీఎస్టీ సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతమే. వాళ్లు 12 వేశారు. 120 రూపాయలు తీసుకోవాల్సిన చోట 288 అన్నమాట. అడిగితే కంప్యూటర్‌లో ఇంకా మార్చలేదన్నారు, పది నిమిషాల్లో సరిచేసి ఇచ్చారు. అడగని వాళ్ల సంగతి? ఢిల్లీలో తగ్గించిన పన్ను మన చేతికి రావాలంటే బిల్లు ఒక్కసారి చదవక తప్పదు.

ఒంగోలులో అల్లూరయ్య మైసూర్‌పాక్ తినకుండా ఎవరూ రారు. మేమూ తిన్నాం, ఇంటికీ కట్టించుకున్నాం. నెయ్యి వాసన డబ్బా మూత తీయకముందే తెలుస్తుంది. అక్కడినుంచి కొత్తపట్నం తీరానికి కారులో బయల్దేరాం. డ్రైవర్‌తో సహా రోజుకు 3,500 మాట్లాడుకున్నాం. మనిషి నిదానస్తుడు, ఎక్కడా తొందరపెట్టలేదు. దారి పొడవునా రొయ్యల చెరువులే. చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతుంటే చూడటానికి బాగుంది. కానీ కొన్ని చెరువులు ఎండబెట్టి వదిలేసి ఉన్నాయి.

ఒక చెరువు గట్టు మీద రైతు కనపడితే ఆగి మాట్లాడాం. "ఏం చేయమంటావు అన్నా, పిల్ల వేస్తే మేత అప్పు, వేయకపోతే లీజు అప్పు" అన్నాడు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. ముప్పై కౌంట్ అంటే పెద్ద రొయ్య, వంద కౌంట్ అంటే చిన్నది. పెద్దవి పెంచడమే అమెరికాను నమ్ముకుని. 2025 ఆగస్టు 27 నుంచి అక్కడ మన సరుకు మీద సుంకం 50 శాతం అయింది. ముందు నుంచి రొయ్యల మీద ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసేది) లాంటి సుంకాలు దీనికి అదనం. మనతో పోటీపడే ఈక్వడార్‌కు అప్పుడు 15 శాతమే. ట్రంప్ సంతకం పెట్టిన కాగితం దెబ్బ కొత్తపట్నం గట్టు మీద ఈ మనిషికి తగిలింది. రొయ్య పెరిగేదాకా ఆగితే వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు వస్తుందేమోనని భయం, ముందే పట్టేస్తే రేటు రాదని బెంగ.

ఆ మధ్యాహ్నం తీరం దగ్గర హోటల్లో రొయ్యల వేపుడు అడిగితే లేదన్నారు. చికెన్ బిర్యానీ ఉందట. రెండు మైళ్ల అవతల టన్నుల కొద్దీ రొయ్య పెరుగుతోంది, ఇక్కడ కోడిమాంసం! నాకు నిజంగా బాధ కలిగింది. 2024-25లో మన దేశం 62 వేల కోట్ల రూపాయలకు పైగా విలువైన సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేస్తే, అందులో మూడింట రెండొంతులు రొయ్యలదే. అంత సరుకు పండించే దేశంలో, ఆ సరుకు పండే ఊళ్లో, అడిగినా దొరకలేదు.

మరునాడు హైవే మీద నెల్లూరు బయల్దేరాం. ఉలవపాడు దగ్గర సపోటాల బండ్లు చూసి ఆగకుండా ఉండలేం. ఆగాం, తిన్నాం. రోడ్డు బాగుంది, టోల్ బాదుడు షరా మామూలే.

నెల్లూరులో బస బస్టాండు వైపు, గది 1,900. రాత్రి హారన్ల మోతకు అత్తయ్యకు నిద్ర లేదు. మళ్లీ వెళ్తే మాగుంట లేఅవుట్ వైపు చూసుకుంటాం. పొద్దున టిఫిన్ మాత్రం ఆ నిద్రలేమిని మరిపించింది. ఎర్రకారం పూసి నెయ్యి పోసిన దోసె, పక్కన పల్చటి చట్నీ.

మధ్యాహ్నం పేరున్న పెద్ద రెస్టారెంట్‌లో కొరమీను పులుసు. ఇక్కడ అత్తయ్య మాటే తీర్పు. పులుసు చిక్కగా ఉంది, మెంతి వాసన సరిపోయింది, కానీ ముక్కలు విరిగాయి. "గరిటె పెట్టారు. చేపల పులుసు గిన్నె పట్టుకుని తిప్పాలి గానీ గరిటె పెట్టకూడదు" అందామె. మామిడికాయ ముక్కలు కూడా పడ్డాయి, పునాస కాయలట. పుల్లదనం బాగానే ఇచ్చాయి. అన్నం నెల్లూరు మసూరి. అత్తయ్య తన చిన్నప్పటి మొలగొలుకుల అన్నం గురించి చెబుతూ ఇంకో ముద్ద ఎక్కువే తిన్నారు.

తిండికి 1,340 అయితే, దాని మీద పది శాతం సర్వీస్ ఛార్జ్ 134 వేసి, ఆ మొత్తం మీద జీఎస్టీ లెక్క కట్టారు. సర్వీస్ ఛార్జ్‌ను అలా బిల్లులో కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల సంస్థ చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. మర్యాదగా చెబితే తీసేశారు. ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. వడ్డించిన కుర్రాడికి వంద నోటు చేతిలో పెట్టాం. ఇచ్చేది అతనికే అందాలి కదా.

బియ్యం కొట్లో ఇంకో సంగతి గమనించాను. బస్తాలన్నీ 26 కేజీలవే. 2022 జులై నుంచి 25 కేజీల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ ఉంది. అందుకే ఒక కేజీ పెంచారు. బస్తా కొనగలిగిన ఇంటికి పన్ను లేదు, అయిదు కేజీల ప్యాకెట్ కొనే ఇంటికి పన్ను ఉంది. విడిగా తూచి ఇస్తే పన్ను ఉండదు నిజమే, కానీ రోజుకూలి మీద బతికే ఇంటి మీద పడే పన్నును తప్పుగానే చూస్తాను. సెప్టెంబర్‌లో అన్ని రేట్లు సర్దినప్పుడు దీన్ని కూడా తీసేయాల్సింది.

మూడో రోజు మైపాడు వెళ్లాం. నెల్లూరుకు పాతిక కిలోమీటర్లు. తీరం విశాలంగా ఉంది, కానీ ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి మంచి గది కనపడలేదు. ఊళ్లోకి వెనక్కి వస్తుంటే రోడ్డు పక్క చిన్న పూటకూళ్ల ఇల్లు లాంటిది కనిపించింది. నాలుగు బల్లలు, కట్టెల పొయ్యి. రొయ్యలు ఉన్నాయా అని అడిగాను. "ఇవాళ లేవు అబ్బయ్యా. కావాలంటే ముందురోజు చెప్పాల. మీరే తెచ్చుకుంటే వండి పెడతా" అంది ఆ పెద్దామె.

డ్రైవర్ వెళ్లి రొయ్యల పట్టుబడి జరుగుతున్న చెరువు దగ్గర కిలో కొనుక్కొచ్చాడు. ఆమె ఒలిచి, పసుపు, ఉప్పుతో కడిగి, నీరు ఇగిరేదాకా ఉడికించి, ఉల్లిపాయ, గోంగూర వేసి దించింది. గోంగూర పులుపులో రొయ్య తీపి తెలుస్తూనే ఉంది. అత్తయ్య ఏ వంకా పెట్టలేదు. నాలుగు రోజుల్లో ఆమె అలా తిన్నది అక్కడ మాత్రమే.

తింటున్నంతసేపూ నాకు కోడిగుడ్డే గుర్తొచ్చింది. 1982లో కోళ్ల రైతులు ఎన్‌ఈసీసీ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) పెట్టుకుని, రేటు తామే ప్రకటిస్తూ, దేశమంతా గుడ్డు తినేలా ప్రచారం చేశారు. ఇవాళ గుడ్డు బడి పిల్లల భోజనంలోకి వచ్చింది. రొయ్యకు ఆ పని జరగలేదు. ఇప్పుడు చెరువుల్లో ఎక్కువగా పెంచే వనామీ రకం రొయ్య 2009లో మన దేశానికి వచ్చింది, వచ్చినప్పటి నుంచీ దాని చూపు ఓడల వైపే. ఏరియేటర్ల మీద జీఎస్టీ తగ్గించడం మంచిదే. 2025 జులైలో బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం కుదరడమూ మంచిదే. కానీ అమెరికా తలుపు మూస్తే బ్రిటన్ తలుపు తట్టడం ఒక్కటే దారి కాకూడదు. మత్స్య సంపద యోజనకు 2020లో 20,050 కోట్లు ప్రకటించారు. అలాంటి డబ్బులో పెద్ద వాటా ఊరి చేపల మార్కెట్‌లో ఐసుకు, మంచినీళ్లకు, శుభ్రమైన బల్లలకు వెళ్లాలి. ఒంగోలు మార్కెట్‌లో ఈగలు చూసి మా ఆవిడ వెనక్కి తిరిగింది. కొనాలని వచ్చిన మనిషే ఆమె.

లెక్క అడిగితే ఆ పెద్దామె వంటకు, అన్నానికి, మజ్జిగకు కలిపి ముగ్గురికి 450 చెప్పింది. మైపాడు వెళ్లేవాళ్లు ముందురోజు సాయంత్రమే ఆ దారిలో ఆగి చెప్పి వెళ్లండి. మిగిలిన కూరను ఆమె స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చింది, డబ్బా డ్రైవర్ చేతికి తిరిగి పంపమంది. రాత్రి రైల్లో దాన్ని చద్దన్నంతో తిన్నాం.