పాత ట్రెయిలర్ మీద కొత్త సీలెంట్ మెరుస్తుంటే జాగ్రత్త

డాలస్ చుట్టుపక్కల పాత ట్రావెల్ ట్రెయిలర్ (బండి వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కోసం వెతుకుతున్న మనవాళ్లకి ఈ పోస్టు. ఫిబ్రవరిలో నేనొకటి కొన్నాను. 2016 మోడల్, 24 అడుగులది, 11,500 డాలర్లు. అమ్మినాయన పేరు చెప్పను, ఆయనతో ఇంకా మాటలు నడుస్తున్నాయి. నేనెక్కడ బోల్తా పడ్డానో మాత్రం చెప్తా.

చూడ్డానికి వెళ్లినప్పుడు నన్ను పడేసింది సీలెంటే, అంటే నీళ్లు దిగకుండా అతుకుల మీద పూసే జిగురు. మూలల్లో, కిటికీల చుట్టూ, ఆనింగ్ (పక్కకి చాపే గుడ్డ పందిరి) బ్రాకెట్ల దగ్గర తెల్లగా మెరిసిపోతోంది. మొన్ననే అంతా కొత్తగా సీల్ చేయించానన్నాడు. ఎంత శ్రద్ధగా చూసుకున్నాడో అని మురిసిపోయా. మా ఆవిడ లోపలికి అడుగు పెట్టగానే "ఎయిర్ ఫ్రెషనర్ ఇంత కొట్టారేంటి?" అంది. వింటేగా.

ఏప్రిల్‌లో టెక్సోమా సరస్సుకి వెళ్లాం, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో. రాత్రంతా వాన. తెల్లవారుజామున అమ్మ లేపింది, "ఒరేయ్, పరుపు కింద తడిగా ఉందిరా" అని. మూల గోడ మీద చెయ్యి పెడితే మెత్తగా లోపలికి దిగింది.

ఇంటికొచ్చాక ఆ మూల విప్పాను. ట్రెయిలర్ మూలల్లో పైనుంచి కింద దాకా అల్యూమినియం పట్టీ ఉంటుంది. దాని గాడిలో సన్నటి వినైల్ స్ట్రిప్ దూర్చి ఉంటుంది. అది లాగితే కింద వరసగా స్క్రూలు, పట్టీని లోపలి చెక్క ఫ్రేముకి బిగించినవి. నా దాంట్లో స్ట్రిప్ ఎండకి కుంచించుకుపోయి కింద జానెడు ఖాళీ వచ్చింది, దాన్ని సిలికోన్ సీలెంట్‌తో పూడ్చేశారు. స్క్రూ తలల మీదా ముద్దముద్దగా సిలికోనే. గోటితో గీకితే పొరలా ఊడొచ్చింది. మొదటి స్క్రూకి స్క్రూడ్రైవర్ అక్కర్లేకపోయింది, వేళ్లతోనే వచ్చేసింది. మరలు తుప్పు తినేసి సూదిలా అయిపోయింది. దాంతోపాటే నల్లటి చెక్క, టీలో నానిన బిస్కెట్‌లా. 22 స్క్రూల్లో 9 ఇలాగే వచ్చాయి.

నాకప్పటిదాకా తెలియనిది ఏంటంటే, ఆ స్క్రూ బెజ్జాల్లోకి నీళ్లు దిగకుండా ఆపేది పైన పూసింది కాదు, పట్టీ వెనక పెట్టే బ్యూటైల్ టేప్. జిగురు ముద్దలా ఉంటుంది, స్క్రూ అందులోంచి దూరుతుంది కాబట్టి మర చుట్టూ అది అంటుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది ఎండిపోతుంది, రోడ్డు మీద కుదుపులకి స్క్రూలు వదులవుతాయి, నీళ్లు మర వెంబడి చెక్కలోకి దిగుతాయి. చెక్క పుచ్చాక స్క్రూకి ఇక పట్టుండదు. అప్పుడు పైన సిలికోన్ పూస్తే రోగం కనపడదు, అంతే. ఎక్కడో ఒక అంచు లేస్తుంది, అక్కణ్ణుంచి దిగిన నీళ్లు బయటికి రాలేక లోపలే నానబెడతాయి. ఇంకో తలనొప్పి, సిలికోన్ అంటిన చోట తర్వాత వేరే సీలెంట్ సరిగ్గా పట్టదు. మొత్తం గీకి శుభ్రం చేయాల్సిందే. ఒక్క మూల గీకడానికే నాకు రెండు శనివారాలు పోయాయి.

కాబట్టి బేరమాడే ముందు ఓనర్‌ని అడిగి, ఏదో ఒక మూల ఆ స్ట్రిప్ అడుగు మేర లాగి చూడండి. స్క్రూలు తుప్పు పట్టి ఉన్నాయా, తిప్పితే బిగుసుకుంటున్నాయా చూడండి. ఊరికే తిరుగుతూనే ఉంటే లోపల పట్టు పోయినట్టే. నలభై డాలర్ల లోపు తేమ మీటర్లు దొరుకుతాయి, మంచం కింద, అల్మరాల్లో, కిటికీల కింద గుచ్చి చూడండి. చెక్కలో 20 శాతం దాటితే నేనైతే అక్కడే ఆగిపోతా. ఫైబర్‌గ్లాస్ గోడైతే పక్కనుంచి టార్చి వేసి చూడండి, నీళ్లు దిగినచోట ఉబ్బు తెలుస్తుంది. స్ట్రిప్ లాగనివ్వనంటే దణ్ణం పెట్టి వచ్చేయండి.

రిపేరుకి షాపులో 4,800 డాలర్లు అన్నారు. నా వారంటీ కాగితం చూస్తే, సీలెంట్ నిర్వహణ సరిగ్గా లేక జరిగిన నీటి నష్టం వర్తించదని ఉంది. ఇక నేనే దిగా. పుచ్చిన చెక్క తీసి కొత్తది వేశా. చెక్క గట్టిగానే ఉండి బెజ్జం మాత్రం పెద్దదైనచోట జిగురు రాసిన చెక్కపుల్ల దిగ్గొట్టి, ఆరాక మళ్లీ సన్నగా డ్రిల్ చేసి స్టెయిన్‌లెస్ స్క్రూ బిగించా. పట్టీ వెనక కొత్త బ్యూటైల్, అంచుకి గోడల మీద వాడే జారని సీలెంట్. పైకప్పుకి వాడే సీలెంట్ దానంతటదే పరుచుకునే రకం, గోడ మీద వేస్తే కిందికి కారిపోతుంది. ఒక ట్యూబు అలా తగలేశాకే నాకు తెలిసింది.

ఎడమ వెనక మూల ఇంకా విప్పలేదు, అక్కడా అదే తెలుపు మెరుస్తోంది. ఈ శనివారం వాన లేకపోతే దాని సంగతి చూస్తా. అంగుళం వెడల్పు బ్యూటైల్ టేప్ ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే చెప్పండి, వచ్చి తీసుకెళ్తా.