న్యూజెర్సీ క్యాథలిక్ స్కూల్లో మా తొమ్మిదేళ్లు

నేను విజయవాడలో కాన్వెంటులో చదివినదాన్ని. అందుకే 2014లో న్యూజెర్సీలో మా పాపని ఇంటి దగ్గరి ప్యారిష్ స్కూల్లో, అంటే అక్కడి చర్చి నడిపే బడిలో, కేజీలో వేసినప్పుడు పెద్దగా ఆలోచించలేదు. సిస్టర్లు, యూనిఫాం, చేతిరాత, కాస్త భయం, అంతే కదా అనుకున్నా. యూనిఫాం, చేతిరాత నిజమే. సిస్టర్ని మాత్రం తొమ్మిదేళ్లలో ఒక్కరినే చూశాం, ఆవిడా లైబ్రరీలో పార్ట్‌టైమ్.

చదువు బాగుంది. క్లాసుకి పదిహేడు మంది. మూడో తరగతిలో కలిపిరాత నేర్పారు. పిల్లాడు డల్‌గా ఉంటే సాయంత్రానికల్లా టీచర్ ఫోన్ చేసేది. సైన్స్ ల్యాబ్ మాత్రం పేరుకే.

హిందువులం కదా, ఇబ్బంది లేదా అని అందరూ అడుగుతారు. మతం మారమని ఎవరూ అనలేదు. రెలిజియన్ క్లాసు, శుక్రవారం మాస్ (చర్చిలో ప్రార్థన) మాత్రం తప్పవు. మాస్‌లో ఫాదర్ అప్పం పెట్టే కమ్యూనియన్ సమయంలో క్యాథలిక్ కానివాళ్లు చేతులు గుండె మీద కత్తెరలా పెట్టుకుని వెళ్తే ఫాదర్ దీవించి పంపేస్తారు. రెండో తరగతిలో పాప ఇంటికొచ్చి, "అమ్మా, అందరికీ ప్రసాదం పెట్టి నాకు మాత్రం పెట్టలేదు" అని ఏడ్చింది. గుళ్లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పెట్టే అలవాటు మనది. దానికి సర్దిచెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. అన్నట్టు, ఈస్టర్ ముందు ఉపవాస కాలం లెంట్‌లో, శుక్రవారాల్లో మాంసం ఉండదు కాబట్టి క్యాంటీన్‌లో మా శాకాహారులకి పండగే.

ఇక డబ్బు. మొదటి ఏడాది 5,800 డాలర్లు కట్టాం, చివరికి అది 8,000 దాటింది. ప్యారిష్ సభ్యులకి ఒక రేటు, మనలాంటివాళ్లకి ఇంకో రేటు. పైగా వాలంటీర్ గంటలు, చాక్లెట్ల అమ్మకం, ట్రిక్కీ ట్రే అనే బుట్టల లాటరీ రాత్రి. ఆఫీసులో నా దగ్గర చాక్లెట్లు కొనీ కొనీ విసిగిపోయారు. ఒకప్పుడు సిస్టర్లు దాదాపు జీతం లేకుండా చెప్పిన పాఠాలకి ఇప్పుడు మామూలు టీచర్లకి జీతాలివ్వాలి, ఆ లెక్కలో చాలా భాగం ఫీజులోకే వస్తుంది. 1960లలో దేశం మొత్తం మీద 50 లక్షలకు పైగా పిల్లలు ఈ స్కూళ్లలో ఉండేవారు. ఇప్పుడు 17 లక్షల దరిదాపుల్లో ఉన్నారు.

నాకు ఆలస్యంగా అర్థమైంది డయోసీస్ సంగతి, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చిలన్నిటినీ చూసే యంత్రాంగం. మన డీఈవో ఆఫీసు లాంటిదే అనుకున్నా. సిలబస్, టీచర్ల నియమాలు చూస్తారు నిజమే, కానీ బిల్డింగూ బిల్లులూ ప్యారిష్‌వి. ప్రతి చర్చి పక్కనా బడి ఉండాలని 1884లో బాల్టిమోర్‌లో బిషప్పులు తీర్మానించిన రోజు నుంచీ ఈ ముడి ఉంది. ప్రిన్సిపాల్ పైన పాస్టర్ (ఆ చర్చి పెద్ద ఫాదర్), ఆయన పైన బిషప్. చర్చికి వచ్చేవాళ్లు తగ్గితే బడికీ గండమే.

మాకూ అదే జరిగింది. 2023లో, ఏటా ఈ స్కూళ్లు జరుపుకునే క్యాథలిక్ స్కూల్స్ వీక్ అయిపోయి గోడల మీద బెలూన్లు ఇంకా తీయకముందే, జూన్‌లో స్కూలు మూసి ఏడు మైళ్ల దూరంలోని ఇంకో స్కూల్లో కలుపుతున్నామని ఉత్తరం వచ్చింది. పేరెంట్స్‌ని ముందుగా ఒక్క మాట అడగలేదు. పాపది ఎలాగూ ఎనిమిదో తరగతి అయిపోతోంది. అదే స్కూల్లో ఉన్న మా బాబుది ఐదు. మీటింగులో ఎవరిని ఏమడిగినా "అది పైవాళ్ల నిర్ణయం" అన్నారు. వాడిని పబ్లిక్ స్కూల్లో, అంటే గవర్నమెంటు బడిలో, వేశాం.

చాలామందికి తెలియని మంచి విషయం ఒకటుంది. న్యూజెర్సీలో ఇరవై మైళ్ల లోపు ప్రైవేటు స్కూలుకి వెళ్లే పిల్లలకి కూడా, కొన్ని షరతుల మీద, గవర్నమెంటు బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ బస్సు ఇస్తుంది, లేదంటే కొంత డబ్బు ఇస్తుంది. మాకు చెక్కు వచ్చేది.

మళ్లీ వేస్తావా అంటే, ఐదో తరగతి దాకా వేస్తాను. అయితే ఈసారి క్లాస్‌రూమ్ చూసే ముందు ఆదివారం చర్చి బులెటిన్ తీసుకుంటా. వారం వారం ఎంత కానుక వచ్చిందో చాలా చర్చిలు అందులో వేస్తాయి. ఓ ఏడాది బులెటిన్లు వరసగా చూస్తే ఆ స్కూలు ఎన్నాళ్లుంటుందో కాస్త అంచనా దొరుకుతుంది.