ఫ్యామిలీసెర్చ్: ఉచితమే, కానీ కళ్లు మూసుకుని నమ్మొద్దు

అమెరికాలో పూర్వీకుల ఆనవాళ్లు వెతికేవాళ్లు ముందు ఈ సైట్‌తోనే మొదలుపెట్టాలి. ఖాతా తెరిస్తే చాలు, పైసా కట్టక్కర్లేదు. అసలు బలం ఫుల్ టెక్స్ట్ సెర్చ్, అంటే కంప్యూటర్ చదివిన పాత పత్రాల్లో ఏ మాటనైనా వెతకడం: చేతిరాత వీలునామాల్లో, భూమి దస్తావేజుల్లో సాక్షుల పేర్లు కూడా దొరుకుతాయి. ఒకే పేరున్న ఇద్దరిని విడదీసి చూపేది ఆ సాక్షులూ, హద్దు పొలాలవాళ్లే. కంప్యూటర్ చదివినదాంట్లో తప్పులుంటాయి. ఇంటిపేరును రకరకాల స్పెల్లింగులతో వెతికి, అసలు పేజీ చూసుకోవాలి.

జనాభా లెక్కల్లో 1850కి ముందు ఇంటి పెద్ద పేరే ఉంటుంది. ఇంటి పెద్దకు ఎవరు ఏమవుతారన్నది 1880 నుంచే రాశారు. 1890వి దాదాపు అన్నీ పోయాయి, ఆ ఖాళీకి పన్ను జాబితాల్లాంటివే దిక్కు. సైట్‌లో అందరూ కలిసి కట్టే ఉమ్మడి వంశవృక్షాన్ని ఎవరైనా మార్చేయొచ్చు. ఆధారం జతచేయని పేరును అసలు తీసుకోవద్దు. కొన్ని రికార్డులు ఫ్యామిలీసెర్చ్ కేంద్రాలకు వెళ్తేనే తెరుచుకుంటాయి, అదొక్కటే చికాకు.