తెలుగు క్లాసుకి ఫ్రీ ఆన్‌లైన్ టూల్స్: ఒత్తులు నిలబడ్డవెన్ని, ఊడినవెన్ని

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి తెలుగు చెప్తాను. పాఠాలకి పనికొచ్చే ఫ్రీ టూల్స్ అని ఎక్కడ చదివినా అవి ఇంగ్లీషు, సైన్సు వాళ్ల కోసం రాసినవే ఉంటాయి, అందుకని ఈ ఏడాది నేనే కొన్ని పట్టుకుని మా పిల్లల మీద ప్రయోగం చేశాను. నేను చూసుకున్నవి మూడే: పిల్లలు లాగిన్ అవ్వకుండా పని జరగాలి, నాన్న ఫోన్లో తెరుచుకోవాలి, ఒత్తులు ఊడి పక్కన పడకూడదు. మూడోది చిన్న విషయమే అనిపిస్తుంది గానీ ఒక డిజైన్ టూల్, పేరు వద్దులెండి, సరిగ్గా అక్కడే చేతులెత్తేసింది. తెర మీద పోస్టర్ చక్కగా ఉంది, పీడీఎఫ్ చేసి ప్రింటు తీస్తే "స్వాతంత్ర్యం" ముక్కలు ముక్కలుగా వచ్చింది, అదీ పంద్రాగస్టు ముందు రోజు సాయంత్రం. స్కెచ్ పెన్నులు తీసి చార్టు చేత్తో రాసుకున్నాం.

బాగా నచ్చినవాటిలో ఒకటి ప్యాడ్‌లెట్. గోడ లాంటిది, లింకు పంపితే ఖాతా లేకుండానే ఎవరైనా చీటీ అంటించొచ్చు, మాట రికార్డు చేసి పెట్టొచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్లు వాడే సామెత ఒకటి పెట్టండి, వీలైతే వాళ్ల గొంతులోనే, అని చెప్పాను. ఒక రికార్డింగులో నాయనమ్మగారు ముందు "ఇదేమన్నా వినపడుద్దంట్రా?" అని అడిగి, మనవడు ఊఁ అన్నాక "కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అన్నారు. కింద ఇంకో పిల్ల "కత్తిపీట కాదు, బచ్చలికెందుకు, మా అమ్మమ్మ అట్లాగే అంటుంది" అని రాసింది. ఇక చూస్కోండి, రెండు రోజులు కామెంట్లలో కంద, బచ్చలి, కత్తిపీట. రెండూ వాడుకలో ఉన్నవే అని మొదటి రోజే చెప్పేయొచ్చు, కావాలనే చెప్పలేదు. పాఠం పుస్తకంలో సామెతల పట్టిక చదివించినప్పుడు ఇంత గొడవ ఎప్పుడూ జరగలేదు.

పేరు లేకుండా రాయొచ్చు కదా అని ఒకడు లెక్కల సారు ముద్దుపేరు కూడా గోడకెక్కించాడు. నేను ఒప్పుకున్నాకే చీటీ కనపడేలా సెట్టింగు ఉంది, ఆ రోజే పెట్టాను, మీరు మొదటి రోజే పెట్టుకోండి. ఫ్రీగా కొన్ని బోర్డులే ఇస్తారు కాబట్టి పాతది దించుకుని చెరిపి కొత్తది పెట్టుకోవాలి.

గూగుల్ స్లైడ్స్ కొత్తదేం కాదు గానీ, కలిసి కథ రాయించడానికి దీన్ని మించింది నాకు దొరకలేదు. కంప్యూటర్ ల్యాబులో గ్రూపుకో స్లైడు ఇచ్చాను. ఖాతా లేకుండా లింకుతో వచ్చినవాళ్లకి అది ఏదో ఒక జంతువు పేరు పెడుతుంది, నేను క్యాపిబారానా, అదేం జంతువు సార్ అంటూ పది నిమిషాలు అక్కడే పోయాయి. ఎవరో మొత్తం సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టారు, ఏ జంతువో ఒప్పుకోలేదు, వెర్షన్ హిస్టరీలోకి వెళ్తే అంతా తిరిగొచ్చింది. ఇంకోటి, ఫాంట్ల మెనూలో లిపి దగ్గర తెలుగు ఎంచుకుంటే రామభద్ర, మల్లన్న, మండలి లాంటివి వస్తాయి, శీర్షికకి ఒకటి, కథకి ఒకటి అని పిల్లలు మురిసిపోయారు.

ఎక్స్‌కాలిడ్రా గీతలు గీయడానికి బాగుంది, లాగిన్ గోలే లేదు, కాకపోతే దాని చేతిరాత అందం ఇంగ్లీషు అక్షరాలకే, తెలుగు మామూలుగానే పడుతుంది. వంశవృక్షం ఒకటి గీయించి వదిలేశాను.

ఇక మార్కులేస్తే నా మొదటి ర్యాంకు స్టోరీవీవర్‌కే. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టింది, బొమ్మల కథలు ఓపెన్ లైసెన్సుతో ఉంటాయి, అంటే రాసినవాళ్ల పేరు, బొమ్మ వేసినవాళ్ల పేరు ఉంచి మనం ప్రింటు తీసుకోవచ్చు, అనువదించొచ్చు, మార్చి రాయొచ్చు. రాయాలంటే ఖాతా కావాలి, నాదొక్కటే తెరిచి పెద్ద తెర మీద పెట్టి అందరం కలిసి ఒక ఇంగ్లీషు కథని తెలుగులోకి తెచ్చాం. మొదట వాళ్లు రాసింది చూస్తే అంతా "పరుగెత్తెను, పలికెను". మీ ఊళ్లో కుక్కని చూసి ఎవరైనా అలా అంటారా అన్నాను. "ఉరికింది సార్" అని ఒకడు, "పరిగెత్తిందిరా" అని ఒకడు, ఆ ఒక్క వాక్యం మీదే పీరియడ్ అయిపోయింది. మా నెట్‌కి బొమ్మలు తెరుచుకోవడం కాస్త ఆలస్యం, కాబట్టి ముందు రోజే దించి పెట్టుకోవడం మేలు.

ఏది వాడినా పిల్లలు చేసింది ఎప్పటికప్పుడు దించి దాచుకోండి. అందరూ కలిసి రాసుకునే ఆన్‌లైన్ బోర్డు జామ్‌బోర్డును గూగుల్ 2024 డిసెంబరు 31తో మూసేసింది, పిల్లలు వీడియోలు పెట్టుకునే ఫ్లిప్ సైటు, యాప్ కూడా అదే ఏడాది జూలైలో పోయాయి.

ఫోన్ సంగతి మాత్రం ఏ టూలూ తీర్చలేదు. చాలా ఇళ్లలో ఉన్నది ఒక్కటే, అది నాన్నతో పాటు పొద్దున్నే ఆటోలో వెళ్లిపోయి రాత్రికి వస్తుంది. అందుకే కొన్ని చీటీలు పదిన్నరకి పడేవి. ఫోనే లేని నలుగురు కాగితం మీద రాసి తెస్తారు, నేను ఇంటర్వెల్‌లో ఫొటో తీసి గోడకి అంటిస్తాను. వాటి కింద కూడా కామెంట్లు పడుతున్నాయి.