ఎస్టోనియా ఐడీ కార్డు: అసలు సరుకు కార్డులో లేదు

పాలన బాగున్న దేశాల గురించి మాట వస్తే ఉత్తర ఐరోపాలోని ఎస్టోనియా పేరు వినిపిస్తుంది. అక్కడ ప్రభుత్వ పనులు ఐడీ (గుర్తింపు) కార్డుతో ఆన్‌లైన్‌లోనే అవుతాయి. పదమూడు లక్షల పైచిలుకు జనాభా కాబట్టి చెల్లింది అంటారు కొందరు. చిన్న దేశాలన్నీ ఇలాగే నడుస్తున్నాయా మరి?

2002 నుంచి ఇస్తున్న ఈ చిప్ కార్డును వాడటం తేలికే. రీడర్‌లో పెట్టి పిన్-1 (కనీసం నాలుగంకెలు) కొడితే లాగిన్, పిన్-2 (కనీసం ఐదంకెలు) కొడితే సంతకం. చట్టం దృష్టిలో అది చేత్తో పెట్టిన సంతకమే. రెండు పిన్‌లూ తారుమారు చేసుకోవద్దు. వరుసగా మూడుసార్లు తప్పితే ఆ పిన్ బ్లాక్ అవుతుంది, పక్ కోడ్ ఉంటేనే తెరుచుకుంటుంది. కార్డుతో వచ్చిన కోడ్‌ల కవరు పారేసినవాళ్లకు తిప్పలు తప్పవు.

కార్డు వెనక నడిచేది 2001లో మొదలైన ఎక్స్-రోడ్, అంటే శాఖలు ఒకదానికొకటి సమాచారం ఇచ్చిపుచ్చుకునే వ్యవస్థ. మన దగ్గర హైదరాబాద్‌లో ఈసేవ తెరిచిందీ అదే ఏడాది. మనం కౌంటర్‌ను మార్చాం, వాళ్లు కౌంటర్ వెనక గదిని మార్చారు. ఎక్స్-రోడ్‌లో అన్నీ కుప్పపోసిన పెద్ద డేటాబేస్ ఉండదు. ఏ శాఖ వివరాలు ఆ శాఖ దగ్గరే ఉంటాయి. కావలసిన శాఖ అడుగుతుంది, సర్వర్లు సంతకం చేసి, గుప్తీకరించి పంపుతాయి, అడిగినట్టు లాగ్‌లో (రికార్డులో) పడుతుంది. ఒకే సమాచారం కోసం వేరే శాఖ ఇంకో డేటాబేస్ పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. అందుకే ప్రభుత్వం దగ్గరున్న వివరాన్ని మళ్లీ పౌరుణ్ణి అడగరు. మీసేవలోనేమో ప్రభుత్వం ఇచ్చిన రేషన్ కార్డునే స్కాన్ చేసి ప్రభుత్వానికి చూపిస్తాం, ఆపైన ఫైలు తహసీల్దార్ లాగిన్‌లో కూర్చుంటుంది.

మార్కులు తగ్గించాల్సిన చోటూ ఉంది. 2017లో చిప్‌లో భద్రతా లోపం బయటపడింది. సుమారు ఏడున్నర లక్షల కార్డులు! ప్రభుత్వం సెప్టెంబరులో తానే ప్రకటించి, నవంబరులో ఆ కార్డుల డిజిటల్ సర్టిఫికెట్లను (లాగిన్‌కూ సంతకానికీ ఆధారం ఇవే) నిలిపేసింది. ఇంటి నుంచే అప్‌డేట్ చేసుకునే వీలు ఇచ్చినా, ఒక్కసారిగా అందరూ ఎగబడటంతో సర్వర్లు మొరాయించాయి. అన్నీ ఒకే కార్డుకు కట్టేస్తే వచ్చే తంటా ఇదే. మొబైల్-ఐడీ (ఫోన్ సిమ్‌తో పనిచేసే గుర్తింపు) ఉన్నవాళ్లకు మాత్రం పని ఆగలేదు, కాబట్టి రెండోది ఒకటి పెట్టుకోవడం మంచిది.

విదేశీయులకు 2014 నుంచి ఇస్తున్న ఈ-రెసిడెన్సీ కార్డు కంపెనీ పెట్టుకోవడానికి పనికొస్తుంది. పేరు చూసి మోసపోకండి, అది వీసా కాదు, అక్కడ ఉండే హక్కూ ఇవ్వదు.